మిల్లు లేత్ షాపులో మోడల్ ఆవిరి ఇంజను చక్రాలు: మిర్యాలగూడ పనితనం ఎంతవరకు?

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు షాఫ్టులు, పుల్లీలు, బేరింగ్ హౌసింగులు చేసే లేత్ షాపులకు కొదవ లేదు. అలాంటి ఒక షాపుకు ఐదంగుళాల గేజి మోడల్ ఆవిరి ఇంజను చక్రాల పని ఇస్తే ఏ మేరకు వస్తుందన్నదే ఈ సమీక్ష. షాపు పేరు రాయడం లేదు. అదే తరహా యంత్రాలున్న పక్క షాపుకు వెళ్లినా ఇందులో చాలా మటుకు వర్తిస్తుంది. ముందే తేల్చేస్తే: చక్‌లో (లేత్ మీద పనిని పట్టే దవడల్లో) పట్టి గుండ్రంగా తిప్పే పని ఏదైనా వీళ్లకు నిశ్చింతగా ఇవ్వండి. చక్రాన్ని ఇరుసుకు బిగించే పని, కుడి ఎడమ క్రాంకులను (చక్రాల మీద రాడ్లు తగిలే పిన్నులను) 90 డిగ్రీల తేడాలో నిలబెట్టే పని మాత్రం ఇవ్వకండి. చేతకాక కాదు, ఆ అవసరం మిల్లులో ఎప్పుడూ రాదు.

ఇచ్చిన పని 0-6-0 ట్యాంకు ఇంజనుది, అంటే ఉన్న ఆరూ నడిపే చక్రాలే. ఆరు చక్రాలూ సైడ్ రాడ్లతో కలిసి తిరుగుతాయి. ట్రెడ్ (పట్టా మీద దొర్లే ముఖం) దగ్గర చక్రం వ్యాసం 95 మి.మీ., ఫ్లాంజితో (చక్రాన్ని పట్టా దిగకుండా ఆపే అంచుతో) కలిపి 102, మందం 13.5. ఇరుసు 18 మి.మీ., చక్రం కూర్చునే చోట 16కు దిగుతుంది. క్రాంక్ పిన్ను 10 మి.మీ., ఇరుసు కేంద్రం నుంచి పిన్ను కేంద్రానికి 22. పట్టాల మధ్య దూరం 127 మి.మీ. కాబట్టి రెండు చక్రాల వెనక ముఖాల మధ్య 119 ఉండాలి. పాత అంగుళాల డ్రాయింగుల్లో 4 11/16 అని కనిపించేది ఇదే. ఇరుసు మీద 18 నుంచి 16కు దిగే రెండు మెట్ల మధ్య 119 పెట్టేస్తే చక్రాలు వెళ్లి మెట్టుకు ఆనుతాయి, గేజి దానంతటదే కుదురుతుంది. దీనికి ఒకటే షరతు: మెట్టు మూల చదరంగా ఉండాలి. టూలు ముక్కు గుండ్రంగా ఉంటే ఆ మూలలో చిన్న వంపు మిగిలి, చక్రం మెట్టు దాకా పోకుండా బయటే ఆగుతుంది. చక్రం బోరుకు (నడిమి రంధ్రానికి) వెనక వైపు అర మి.మీ. ఛాంఫర్ (అంచుకు వాలు కోత) తీయించడం అందుకే. ఈ రెండు మాటలూ డ్రాయింగులో రాసి ఇవ్వాలి, నోటితో చెబితే మరిచిపోతారు.

పోత సంగతి. విదేశాల నుంచి తెప్పించుకుంటే సరే. లేకపోతే చెక్కతోనో త్రీడీ ప్రింటుతోనో ప్యాటర్న్ (పోతకు నమూనా) చేసుకుని హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు ఫౌండ్రీల్లో పోయించుకోవాలి. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది, ప్యాటర్న్ అంత పెద్దదిగా ఉండాలి. లేత్ మీద కోసే ముఖాలకు మరో రెండు, మూడు మి.మీ. అదనం. సన్నటి స్పోకులు, రిమ్ము అంచు ఇసుకలో తొందరగా చల్లారితే అక్కడ ఇనుము తెల్లబడి గాజులా గట్టిపడుతుంది. టూలు దానికి తగలగానే కీచుమని జారిపోతుంది, ముక్కు మాడిపోతుంది. ఇచ్చేముందు ఆరు చక్రాలకూ రిమ్ము చుట్టూ ఆకురాయి పెట్టి గీకి చూడండి. గీత పడకుండా జారే చోటుంటే ఆ చక్రాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, రాత్రంతా నిదానంగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. ఈ పరీక్ష లేకుండా తీసుకెళ్తే షాపువాళ్లకు టూలు నష్టం, మీ మీద చిరాకు.

ఇక లేత్ దగ్గరికి. షాపులో ఉన్నవి ఎలివేటర్ షాఫ్టులు పట్టడానికి కొన్న పొడుగు బెడ్డు లేతులు. బరువైన యంత్రాలు, కదలవు, వణకవు. వంద మి.మీ. పోత ఇనుప చక్రానికి ఇంతకంటే మంచి యంత్రం ఇంట్లో పెట్టుకునే చిన్న లేతుల్లో దొరకదు. మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుతో పోత ఇనుము కోత వేగం నిమిషానికి 20 మీటర్లు అనుకుంటే, 102 మి.మీ. చక్రం నిమిషానికి 60 చుట్లకు మించి తిరగకూడదు. చాలా చిన్న లేతులు అంత తక్కువకు దిగవు, దిగినా బలం చాలదు. వీళ్ల గేరు లేత్ ఆ వేగంలోనే హాయిగా నడుస్తుంది. మొదటి కోత భయపడకుండా లోతుగా, పోత పైపొర కిందికి వెళ్లేలా పెట్టాలి. పైపైన గీకితే ఇసుక అంటిన పొర టూలును తినేస్తుంది. ఈ ఉస్తాద్‌కు అది చెప్పనక్కర్లేదు. నీళ్లు, నూనె లేకుండా పొడిగానే కోస్తాడు, పని కాగానే బెడ్డు మీది నల్లపొడిని గుడ్డతో తుడిచేస్తాడు. ఆ పొడి నూనెలో కలిసి బెడ్డు మీద నిలిస్తే ఎమరీ పేస్టే.

చక్రాన్ని ఎలా పట్టాడన్నది చూడాల్సిన విషయం. మామూలుగా పుల్లీనైతే మూడు దవడల చక్‌లో బిగించి బయట అంచు చూసుకుంటారు. స్పోకుల చక్రానికి అలా కుదరదు. పోతలో రిమ్ము లోపలి అంచు, అంటే స్పోకులు మొదలయ్యే చోటు, కోతకు గురికాదు. అది వంకరగా తిరిగితే చివరికి ఎంత బాగా కోసినా రిమ్ము ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా కనిపిస్తుంది. ఈ మాట ఒకసారి చూపిస్తే చాలు, నాలుగు దవడల చక్‌లో మార్చి, సుద్దముక్క పట్టి ఆ లోపలి అంచు మీద గీత ఎక్కడ పడుతోందో చూస్తూ దవడలు ఒక్కొక్కటీ సర్దాడు. డయల్ గేజి షాపులో ఉంది, గరుకు పోతకు దాన్ని బయటికి తీయలేదు. అక్కర్లేదు కూడా, సుద్దే నయం.

ఆ పట్టులోనే వెనక ముఖం, బోరు రెండూ అయిపోవాలి. చక్రం విప్పకుండా ఒకే పట్టులో చేస్తే బోరుకు ముఖం నిక్కచ్చిగా నిటారుగా ఉంటుంది. ముఖం ఒకసారి, బోరు ఇంకోసారి చేస్తే చక్రం ఇరుసు మీద ఊగుతుంది, దాన్ని తర్వాత ఏ మందూ బాగుచేయదు. బోరును 15.8 దాకా టూలుతో తీసి, 16 రీమరుతో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే టూలుతో) ముగించాలి. ఇక్కడ షాపు బలహీనత ఒకటి బయటపడుతుంది: మిల్లు పనికి రీమరు వాడరు, ప్రతి బోరునూ టూలుతోనే తీసి వెర్నియరుతో కొలుస్తారు. ఆరు చక్రాలకూ ఆరు రకాల బోర్లు వస్తాయి. 16 మి.మీ. హెచ్7 (రంధ్రం కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు) మెషిన్ రీమరు మీరే కొనుక్కుని తీసుకెళ్లండి. కొనేటప్పుడు ధర ఎక్కువనిపిస్తుంది, ఆరు బోర్లు ఒకే కొలతకు వచ్చాక ఆ బాధ ఉండదు.

ట్రెడ్ చివరి పని. బోరులో పట్టే మాండ్రెల్ (పనిని మోసే కడ్డీ) మీద చక్రాన్ని ఎక్కించి, వెనక ముఖం ఆనించి, ముందు నుంచి నట్టుతో బిగించి కోస్తారు. మాండ్రెల్‌ను అదే లేత్ మీద అప్పుడే కోయించాలి, ఆ తర్వాత చక్ నుంచి విప్పకూడదు. ట్రెడ్‌కు 20కి 1 వాలు, దాదాపు మూడు డిగ్రీలు, ఫ్లాంజి వైపు వ్యాసం ఎక్కువ. పెద్ద రైలు చక్రానికీ ఇదే వాలు. ఫ్లాంజి ట్రెడ్‌ను కలిసే మూలలో ఒకటిన్నర నుంచి రెండు మి.మీ. గుండ్రం ఉండాలి, లేకపోతే వంపుల్లో ఫ్లాంజి పట్టా ఎక్కుతుంది. ఆ గుండ్రాన్ని రుబ్బిన టూలు మీరే ఇస్తే మేలు. ఫ్లాంజి కొనను ఆకురాయితో గుండ్రం చేస్తే సరిపోతుంది.

ఆరు చక్రాలనూ ముందు అర మి.మీ. ఎక్కువ ఉంచి కోసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత టూలుకు పదును పెట్టి, క్రాస్ స్లైడు ఒక కొలతకు నిలిపి, దాన్ని కదపకుండా ఒకదాని తర్వాత ఒకటిగా ఆరింటికీ ఆఖరి కోత పెట్టాలి. కొలత 95 వచ్చిందా 94.8 వచ్చిందా అన్నది పట్టించుకోకండి, ఆరూ ఒకటేనా అన్నదే చూడండి. కలిపి తిప్పే చక్రాల్లో ఒక జత వ్యాసం 0.1 మి.మీ. తేడా ఉంటే ప్రతి చుట్టుకూ 0.31 మి.మీ. జారాలి. వంద మీటర్లు పోయేసరికి పది సెంటీమీటర్ల పైచిలుకు చక్రం పట్టాను రాస్తూ పోతుంది. ఆ భారమంతా సైడ్ రాడ్ల బుష్‌ల (పిన్ను తిరిగే గొట్టాల) మీద పడుతుంది. ఈ షాపు నుంచి వచ్చిన ఆరు చక్రాలూ మైక్రోమీటరు కింద 0.03 మి.మీ. లోపలే ఉన్నాయి. మిల్లు రోళ్లు తిప్పే చేతికి ఇంత సన్నటి లెక్క అలవాటు లేదు, ఖచ్చితంగా మెచ్చుకోవాల్సిన పని.

ఇరుసుల విషయంలో కాస్త వెంటపడాలి. ఈఎన్8 ఉక్కు బ్రైట్ బారు తీసుకెళ్తే, అలవాటు కొద్దీ పెద్ద చక్‌లో ఒక కొన పట్టి కోసి, తిప్పి రెండో కొన కోస్తామంటారు. పన్నెండంగుళాల చక్ 18 మి.మీ. బారును సరిగ్గా పట్టదు, పట్టినా అరిగిన దవడల్లో పదో వంతు మి.మీ. వంకర ఖాయం. రెండు కొనలూ వేర్వేరు వంకరల్లో ఉంటే రెండు చక్రాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ ఊగుతాయి. రెండు కొనలకూ సెంటరు రంధ్రాలు వేయించి, సెంటర్ల మధ్య పట్టి, ఒకే పట్టులో రెండు వైపులా తిప్పించాలి. "పని అయినాక సెంటర్లు కోసెయ్యాల్నా?" అని అడుగుతారు. వద్దనండి. చక్రాలు ఎక్కించాక ఊగిసలాట చూడటానికి అవే కావాలి.

బోర్లు ముందు, ఇరుసులు తర్వాత. ఈ వరస తప్పితే మాత్రం పని మొత్తం చెడుతుంది. బోరు రీమరుతో వచ్చింది కాబట్టి దాన్ని మార్చలేం, ఇరుసును దానికి తగ్గట్టు ఎంతైనా తగ్గించొచ్చు. చక్రం ఒకటి లేత్ పక్కనే పెట్టుకుని దానితోనే కొలుచుకోమనాలి.

ఈ కొలత దగ్గరే షాపుతో అసలు వాదన. ఇరుసు మొన 15.96 కావాలని చూడగానే ఉస్తాద్ చక్రాన్ని చేతిలో తిప్పి చూసి, "గింత లూజు పెడితే చక్రం ఊడొస్తది అన్నా. కొంచెం టైటు పెడ్త, ప్రెస్సుల కొడ్తే జన్మల రాదు" అన్నాడు. మిల్లు పుల్లీకి అది సరైన మాటే. ఈ చక్రానికి కాదు. 16 మి.మీ. ఇరుసుకు ప్రెస్ ఫిట్ అంటే 0.015 నుంచి 0.02 మి.మీ. టైటు, అంతకు మించితే పోత ఇనుప హబ్బు (చక్రం నడిమి దిమ్మ) పగులుతుంది. హబ్బులో ఇరుసు బోరుకూ పిన్ను రంధ్రానికీ మధ్య మిగిలే ఇనుము 9 మి.మీ. మాత్రమే. పైగా 20 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సులో చక్రం దిగుతున్నప్పుడు కోణం చూసుకోవడం అయ్యే పని కాదు. ఒకసారి దిగాక రెండు డిగ్రీలు తిప్పుదామన్నా కదలదు. కీ వే (చక్రాన్ని ఇరుసుకు నిలిపే కీ కూర్చునే గాడి) కొడతామని కూడా అంటారు. అది అసలే వద్దు, ఉన్న తొమ్మిదిలో మరి రెండు తగ్గుతుంది, ఆరు కీ వేలూ ఒకే కోణంలో రావడం ఈ యంత్రాల మీద కల్ల.

దీనికి సరైన పద్ధతి లాక్‌టైట్ 638 లాంటి రిటైనింగ్ కాంపౌండు, అంటే లోహ భాగాలను అతికించి పట్టే జిగురు. ఇరుసు మొన పొడవులో మెట్టు పక్కన ఉన్న 3 మి.మీ. మాత్రం బోరులో చేత్తో బిగువుగా జారేలా 15.99 ఉంచి, మిగతాది 15.96కు తగ్గించాలి. ఆ మూడు మి.మీ. చక్రాన్ని మధ్యలో నిలబెడుతుంది, మిగతా 0.04 ఖాళీలో కాంపౌండు నిలుస్తుంది. ఖాళీ లేకుండా చేసి కాంపౌండు రాస్తే అదంతా బయటికి తుడుచుకుపోతుంది, లోపల ఏమీ మిగలదు. ఈ లెక్క కాగితం మీద గీసి చూపిస్తే షాపువాళ్లు చెప్పినట్టే చేశారు, నమ్మారా అంటే అనుమానమే.

క్రాంక్ పిన్ను రంధ్రాలు షాపులో వేయించొచ్చు, జిగ్గు (డ్రిల్లు పక్కకు పోకుండా నడిపే అచ్చు) మీదైతేనే. 12 మి.మీ. మందం ఇనుప పట్టీలో బోరులో సరిపోయే 16 మి.మీ. గూటం ఒకటి, దానికి 22 మి.మీ. దూరంలో డ్రిల్లును నడిపే బుష్ ఒకటి. గూటాన్ని బోరులో దింపి, బుష్‌ను పిన్ను బాస్ (పిన్ను కోసం పోతలో ఉబ్బెత్తుగా ఉన్న చోటు) మధ్యకు తిప్పి, బిగించి వేయాలి. ఆరు చక్రాలకూ అదే జిగ్గు. 22 కాస్తా 22.1 అయినా నష్టం లేదు, ఆరూ 22.1 అయితే. చక్రం వెనక ముఖం డ్రిల్లింగ్ మెషిన్ టేబులుకు పూర్తిగా ఆనాలి, కింద ఒక్క ఇనుప పొట్టు దూరినా పిన్ను వాలుతుంది, వాలిన పిన్ను రాడ్డును ప్రతి చుట్టుకూ మెలిపెడుతుంది. జిగ్గు లేకుండా మార్కింగు చేసి పంచ్ కొట్టి వేస్తామంటే ఒప్పుకోవద్దు.

ఇక్కడితో షాపు పని ఆపించి సామాను ఇంటికి తెచ్చుకోవాలి. తెచ్చుకునేముందు ఇంకొక్కటి చేయించుకోండి: కోణం నిలబెట్టే స్టాండు. మందపాటి ఇనుప ప్లేటు మీద 8 మి.మీ. ప్లేటుతో చేసిన రెండు V గాడి ముక్కలు, రెంటినీ కలిపి పట్టి ఒకేసారి కోయించినవి. వీటిలో ఇరుసు పడుకుంటుంది. ఎడమ పక్క ఒక అరుగు, పిన్ను దాని మీద ఆనితే పిన్ను కేంద్రం ఇరుసు కేంద్రానికి సరిగ్గా సమాన ఎత్తులో ఉండాలి, అంటే అరుగు ఎత్తు ఇరుసు కేంద్రం ఎత్తు కంటే 5 మి.మీ. తక్కువ. కుడి పక్క ఒక నిలువు ప్లేటు, ఇరుసు కేంద్ర రేఖకు 5 మి.మీ. పక్కగా. కుడి పిన్ను నిట్టనిలువుగా పైకి ఉన్నప్పుడు దానికి ఆనుతుంది. ఒక పిన్ను అడ్డంగా, ఒక పిన్ను నిలువుగా, మధ్య 90 డిగ్రీలు.

రెండు సిలిండర్ల ఇంజనుకు ఈ 90 ఎందుకంటే, ఒక వైపు పిస్టను కొసకు చేరి తోయలేని క్షణంలో రెండో వైపు పిస్టను సగం దారిలో పూర్తి బలంతో ఉంటుంది. లేకపోతే ఇంజను కొన్ని చోట్ల ఆగి మళ్లీ కదలదు. అయినా సరిగ్గా 90 కావాలని ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. స్టాండు తప్పుగా ఉండి 89 వస్తే ఆవిరి ఇంజనుకు తేడా తెలియదు. మూడు ఇరుసుల్లో రెండు 90, ఒకటి 89 అయితే చక్రాలే తిరగవు. 22 మి.మీ. దూరంలో ఒక డిగ్రీ అంటే 0.38 మి.మీ., ఏ రాడ్డు బుష్ అంత వదులు ఇవ్వదు. అందుకే మూడు ఇరుసులూ ఒకే స్టాండు మీద, ఒకే దిక్కున. కుడి పిన్నును పైకి కాక కిందికి పెట్టి బిగిస్తే ముందుండే క్రాంకు మారిపోతుంది, ఆ ఇరుసును మళ్లీ ఊడదీయాల్సిందే. ఇరుసు ఎడమ కొనకు ముందుగానే రంగు గుర్తు పెట్టుకోండి.

బిగించే వరస: మొదటి చక్రానికి కోణం గొడవ లేదు, మూడు ఇరుసులకూ ఎడమ చక్రాలు ఎక్కించి ఒక రోజు వదిలేయాలి. రెండో చక్రం పెట్టేముందు ఆగి ఒకటి చూసుకోవాలి. యాక్సిల్ బాక్సులు (ఇరుసు తిరిగే బేరింగు పెట్టెలు) ఇరుసు మీద ఉన్నాయా? నడిపే ఇరుసు మీద వాల్వు గేరు (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే అమరిక) ఎక్సెంట్రిక్కులు (కేంద్రం తప్పించి బిగించే బిళ్లలు), నీటి పంపు ఎక్సెంట్రిక్కు ఉన్నాయా, సరైన వరసలో, సరైన దిక్కున ఉన్నాయా? రెండో చక్రం బిగిశాక ఇవి ఎక్కే దారి లేదు. బాక్సుల్నీ ఎక్సెంట్రిక్కుల్నీ మధ్యకు జరిపితే స్టాండు V గాడి ముక్కలకు ఇరుసు మీద చోటు దొరుకుతుంది.

బోరునూ ఇరుసునూ అసిటోన్‌తో కడగండి. పోత ఇనుము సూక్ష్మ రంధ్రాల్లో నూనె దాచుకుంటుంది, చక్రాన్ని కాస్త వేడిచేసి మళ్లీ కడిగితే ఇంకా వస్తుంది. కాంపౌండు బోరు లోపల రాయాలి, ఇరుసు మీద కాదు. ఇరుసు మీద రాస్తే చక్రం దాన్ని తోసుకుంటూ మెట్టు వైపు తెస్తుంది, ఆ మిగులు కారి యాక్సిల్ బాక్సులోకి దూరి దాన్నీ అతికిస్తుంది. బోరులో రాస్తే ఇరుసు మొన దాన్ని బయటి ముఖానికి నెడుతుంది, గుడ్డతో తుడిచేయొచ్చు. 638 నాలుగైదు నిమిషాల్లోనే పట్టేస్తుంది, నల్లగొండ ఎండాకాలంలో ఇంకా తొందర. కొత్తవాళ్లు 620 వాడితే నయం, గంటకు పైగా సమయమిస్తుంది, వేడికీ ఇంకా బాగా ఆగుతుంది. ఏదైనా సరే, కాంపౌండు లేకుండా ఒకసారి మొత్తం పేర్చి చూసుకున్నాకే సీసా మూత తీయండి. చక్రాన్ని తిప్పుతూ మెట్టుకు ఆనించి, ఎడమ పిన్ను అరుగు మీద, కుడి పిన్ను నిలువు ప్లేటుకు ఆనేలా పెట్టి, చిన్న బరువుతో నిలిపి, 24 గంటలు ముట్టుకోవద్దు.

ఆరాక సెంటర్ల మధ్య పట్టి డయల్ పెట్టాలి. రిమ్ము ముఖం మీద ఊగిసలాట 0.1 మి.మీ. లోపల ఉంటే చాలు. వెనక ముఖాల మధ్య దూరం చుట్టూ మూడు చోట్ల కొలవండి, మూడూ 119 దగ్గర ఒకటే రావాలి. ఈ పరీక్షకు షాపువాళ్లు లేత్ ఇచ్చి, డయల్ కూడా వాళ్లే పట్టారు, డబ్బులు అడగలేదు.

ఫ్రేములో పెట్టాక బిగపట్టడం వస్తే తప్పు ఎక్కడుందో ఊహించొద్దు, విడదీసి చూడాలి. యాక్సిల్ బాక్సులను నడిచే ఎత్తులో ప్యాకింగు పెట్టి నిలిపి, ఒక పక్క రాడ్లు మాత్రం తగిలించి తిప్పండి. పిన్నులు పూర్తిగా ముందుకో వెనక్కో ఉన్న చోట బిగిస్తే రాడ్డు రంధ్రాల దూరం ఇరుసుల దూరంతో కలవలేదు. ఆ పక్క విప్పేసి రెండో పక్క ఒక్కటే చూడండి. విడివిడిగా రెండు పక్కలూ హాయిగా తిరిగి, కలిపి తగిలించగానే ఒక చోట పట్టేస్తే అది కోణం తప్పు. ఏ ఇరుసుదో తెలియాలంటే వెనక జత, ముందు జత వేరువేరుగా కలిపి చూడాలి. నడిపే పిన్ను బుష్‌కు 0.05 మి.మీ., చివరి పిన్నులకు 0.1 నుంచి 0.15 వదులు మామూలే, స్ప్రింగుల మీద చక్రాలు లేచిపడటానికి అది కావాలి. కోణం తప్పును రాడ్డు రంధ్రాలు గీకి వెడల్పు చేసి దాచేవాళ్లున్నారు. ఇంజను తిరుగుతుంది, టకటకమంటూ.

తప్పిన చక్రాన్ని ఊడదీయడం మాత్రం మళ్లీ షాపు పనే, దీనికి వాళ్ల ప్రెస్సు బంగారం. హబ్బును బ్లో ల్యాంపుతో నిదానంగా, చుట్టూ సమంగా 250 డిగ్రీల దాకా వేడిచేస్తే కాంపౌండు పట్టు వదులుతుంది, ఇరుసు తక్కువ బలానికే దిగుతుంది. ఆధారం హబ్బు కిందే ఉండాలి. వీళ్లకు బేరింగు పుల్లరు చేతికందుతుంది, దాన్ని స్పోకులకు తగిలించబోతారు, అక్కడ ఆపాలి. సుత్తి దెబ్బ అస్సలు వద్దు. వేడి చక్రం మీద నీళ్లు పోస్తే పోత ఇనుము అక్కడికక్కడే చిట్లుతుంది.

ఛార్జీ గంటకు కాదు, పీసుకు మాట్లాడుకుంటారు, ముందే ఆరు చక్రాలు, మూడు ఇరుసులు, స్టాండు విడివిడిగా తెంపుకోండి. డ్రాయింగు మిల్లీమీటర్లలో, ఒక్కో భాగానికి ఒక్కో కాగితం. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి కోతలు మొదలయ్యాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మేల్లో ఈ పని పట్టుకుని వెళ్లకండి. మిల్లు ఆగితే లారీలు రోడ్డు మీద నిలబడతాయి, మీ చక్రాన్ని చక్ నుంచి సగంలో దించి వాళ్ల షాఫ్టు ఎక్కిస్తారు. ఒకే పట్టులో బోరూ ముఖమూ కావాలన్న మాట అక్కడితో సరి. జూలై, ఆగస్టుల్లోనో, సంక్రాంతి దాటాకనో పొద్దున్నే వెళ్తే ఉస్తాద్ తీరిగ్గా ఉంటాడు, సుద్దముక్క పట్టుకునే ఓపికా ఉంటుంది.